స్కాచ్ సగం ధరకు వస్తుందా? సీసా లెక్క, సరిహద్దు లెక్క

మా హోసూరు సంఘం కార్యవర్గ సమావేశంలో గ్రంథాలయం అద్దె, పిల్లల తెలుగు వాచకాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ అన్నీ తేలిపోయాయి. టీ తాగుతుండగా ఒక సభ్యుడు నా పక్కన కుర్చీ లాక్కుని గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, బ్రిటన్‌తో ఒప్పందం అయిందంట గదా, ఇంక స్కాచ్ సగం ధరకే వస్తుందంట. మావాడి పెళ్లి వైశాఖంలో. అందాకా ఆగేదా, లేకుంటే అత్తిబెలెకు పోయి ఇప్పుడే నాలుగు పెట్టెలు తెచ్చుకునేదా?"

ఆ ప్రశ్నలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి అతని డబ్బుకు సంబంధించింది, రెండోది అతని కారుకు సంబంధించింది. అక్కడ చెప్పిన జవాబునే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. తెలుగు సంఘం కార్యదర్శి మందు గురించి రాయడమేమిటని అడిగేవాళ్లు ఉంటారు. మన ఇళ్లలో పెళ్లికీ పండక్కీ ఎంతో కొంత ఖర్చు దీని మీద అవుతోంది. ఆ ఖర్చు లెక్క తెలియకుండా అవుతోంది. తాగనివాళ్లు ఈ వ్యాసం చదవకపోయినా నష్టం లేదు, అయితే వాళ్ల ఇంట్లో తాగేవాళ్లకు చూపిస్తే మంచిది.

ముందు ఒప్పందం సంగతి. భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద 2025 జులై 24న సంతకాలయ్యాయి. సంతకాలయ్యేనాటికి స్కాచ్ మీద మన కస్టమ్స్ సుంకం 150 శాతం. ఒప్పందం ప్రకారం అది మొదట 75 శాతానికి, పదో ఏటికి 40 శాతానికి దిగాలి. అంతకు ముందే, 2025 ఫిబ్రవరిలో, అమెరికా బోర్బన్ మీద సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించారు. పేపర్లలో "సుంకం సగం" అని పడింది. చదివినవాళ్లు దాన్ని "ధర సగం" అనుకున్నారు.

సుంకం వేసేది దుకాణంలో మనం ఇచ్చే ధర మీద కాదు, ఓడరేవులో దిగినప్పటి విలువ మీద. ఊహకు ఒక సీసా తీసుకుందాం. రేవులో దాని విలువ 400 రూపాయలనుకోండి. 150 శాతం సుంకం అంటే 600. మొత్తం వెయ్యి. సుంకం 75 శాతమైతే 300, మొత్తం 700. పదేళ్ల తర్వాత 40 శాతమైతే 160, మొత్తం 560. అంటే మొదటి రోజు మిగిలేది 300 రూపాయలు. అదే సీసా మన ఊరి దుకాణంలో మూడు వేలకు అమ్ముతున్నారనుకుంటే, ఆ మూడు వేలలో తగ్గేది మూడు వందలు. రాష్ట్రం పన్ను శాతం లెక్కన పడితే ఇంకాస్త తగ్గవచ్చు. దిగుమతి చేసేవాడు ఆ తేడాను తన జేబులోనే ఉంచుకుంటే ఏమీ తగ్గకపోనూవచ్చు. ఏ రకంగా చూసినా సగం మాత్రం కాదు. పెళ్లి ముహూర్తం దాని కోసం చూడనక్కర్లేదు.

రేవులో వెయ్యి అయినది దుకాణంలో మూడు వేలు ఎలా అవుతుందంటే, మధ్యలో రాష్ట్రం ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో మద్యం మీద ఎక్సైజ్ సుంకం రాష్ట్రాలకే ఇచ్చారు. జీఎస్టీ వచ్చినప్పుడు కూడా తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు. అందుకే 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి సబ్బుల ధర, టీవీల ధర తగ్గినా మందు సీసా కదల్లేదు. ఆ సీసాకు వాడే గాజు, మూత, లేబులు, అట్టపెట్టె మీద కంపెనీ జీఎస్టీ కడుతుంది. మిగతా సరుకులకు వచ్చే ఇన్‌పుట్ క్రెడిట్ దీనికి రాదు. అదీ మన మీదే పడుతుంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. రాజాజీ పుట్టింది హోసూరు పక్కనున్న తొరపల్లిలో. 1937లో మద్రాసు ప్రభుత్వాధినేతగా ఆయన మొట్టమొదట మద్యనిషేధం పెట్టింది సేలం జిల్లాలో. అప్పుడు మా హోసూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేది. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోతుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మందు మానిపించడానికి అమ్మకపు పన్ను పుట్టిందన్నమాట. ఇప్పుడు అదే ఊళ్లో మందు అమ్మేది ప్రభుత్వమే. టాస్మాక్ 1983లో మొదలై, 2003 చివరి నుంచి చిల్లర దుకాణాలు కూడా తనే నడుపుతోంది. 2024-25లో దానివల్ల రాష్ట్రానికి వచ్చిన రాబడి 48 వేల కోట్లు దాటింది. ఎక్కే గడప, దిగే గడప అంటే ఇదే కాబోలు.

పక్క రాష్ట్రాలు చూద్దాం. మన పాఠకులు బళ్లారిలో ఉన్నారు, సోలాపూర్‌లో ఉన్నారు, బరంపురం, రాయగడల్లో ఉన్నారు, యానాంలో ఉన్నారు. అందరూ మాట్లాడేది ఒకటే భాష అయినా, క్వార్టర్ ధర మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే.

కర్ణాటకలో 2023 జులైలో అన్ని శ్లాబుల మీదా అదనపు ఎక్సైజ్ సుంకం 20 శాతం పెంచారు. ఏడాది తిరిగాక, 2024 ఆగస్టు చివర్లో, శ్లాబులు 18 నుంచి 16కి కుదించి పై అంతస్తు సీసాల ధరలు తగ్గించారు. పక్క రాష్ట్రాలతో సమానం చేయడానికని కారణం చెప్పారు. కింది అంతస్తు సీసాలకు ఆ దయ రాలేదు. మహారాష్ట్రలో 2021 నవంబరులో దిగుమతి స్కాచ్ మీద ఎక్సైజ్‌ను 300 శాతం నుంచి 150కి తగ్గించారు. దొంగతనంగా బయటి నుంచి వచ్చే సరుకు ఆగుతుందని అన్నారు. అదే మహారాష్ట్ర 2025 జూన్‌లో మామూలు ఐఎంఎఫ్‌ఎల్ మీద సుంకాన్ని తయారీ ఖర్చుకు మూడు రెట్ల నుంచి నాలుగున్నర రెట్లకు పెంచింది. అక్కడ 180 మిల్లీలీటర్ల ఐఎంఎఫ్‌ఎల్ సీసా కనీస ధర 205 రూపాయలైంది. ధాన్యం నుంచి తీసే 'మహారాష్ట్ర మేడ్ లిక్కర్' అని కొత్త తరగతి పెట్టి దాని కనీస ధర 148 అన్నారు. ప్రీమియం విదేశీ మద్యానికి 360.

ఆంధ్రప్రదేశ్‌లో దారి వేరు. 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వ దుకాణాలు నడిచాయి. 2020 మే నెలలో ఒక్కసారిగా 75 శాతం పెంచిన సంగతీ, తెలిసిన బ్రాండ్లు మాయమై పేరు వినని సీసాలు వచ్చిన సంగతీ అటు చుట్టాలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆ ఐదేళ్లూ ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్లేవాళ్లలో గోదావరి చూడటానికి వెళ్లినవాళ్లు ఎంతమందో ఆ గోదావరికే తెలియాలి. 2024 అక్టోబరు 16 నుంచి 3,396 ప్రైవేటు దుకాణాలు లాటరీలో ఇచ్చారు, 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు.

సోలాపూర్‌లో మగ్గం మీద కూర్చునే మన పద్మశాలి అన్నకు క్వార్టర్ 205. అతని బావమరిది కర్నూల్లో ఉంటే 99. ఒకే రోజు కూలి, ఒకే రకం సీసా. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. నాలుగైదేళ్లుగా జరిగిన మార్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, తగ్గింపు పై అరకు దక్కింది, బరువు కింది అర మీద పడింది. బ్రిటన్ ఒప్పందం లాభం పై అరదే. కర్ణాటక 2024 తగ్గింపూ, మహారాష్ట్ర 2021 తగ్గింపూ పై అరవే. ఖరీదైన సీసా కొనేవాడు పక్క రాష్ట్రానికో, విమానాశ్రయానికో పోగలడు కాబట్టి అతన్ని బుజ్జగిస్తున్నారు. రోజూ క్వార్టర్ కొనేవాడు ఎక్కడికీ పోలేడు కాబట్టి అతని దగ్గర పిండుతున్నారు. ఆంధ్రా 99 రూపాయల సీసా దీనికి విరుగుడు అనీ నేను అనను. రోజూ ఒకటి చొప్పున కొంటే అది కూడా నెలకు 2,970. చవక కాబట్టి ఒకటికి రెండు తీసుకుంటే ఆ లెక్క ఇంట్లో ఆడవాళ్లను అడగండి.

చవక వేట ఎంత దూరం పోతుందో కూడా చూశాం. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 65 మందికి పైగా చనిపోయారు. మా జిల్లాకు అదేమంత దూరం కాదు. 2025 అక్టోబరులో మదనపల్లె వైపు ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. లేబులు, మూత అసలువాటిలాగే ఉన్నాయి. ఆ తర్వాతే ఆంధ్రా ఎక్సైజ్ వాళ్లు సీసా మీది క్యూఆర్ కోడ్ చూసుకునే 'సురక్ష' యాప్ తెచ్చారు. అటువైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు ఆ యాప్ వాడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

సరే, మనిషి నెలకు నాలుగుసార్లు శనివారం సాయంత్రం రెండు పెగ్గులు తీసుకుంటాడు. అతను డబ్బుకు తగ్గ సీసా ఎలా ఏరుకోవాలి? నేనూ ఆ కోవకే చెందినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ధరను సీసాకు కాక పెగ్గుకు లెక్కకట్టండి. 750 మిల్లీలీటర్ల సీసాలో 60 మిల్లీ పెగ్గులు పన్నెండున్నర. వారానికి రెండంటే సీసా ఆరు వారాలు వస్తుంది. వెయ్యి రూపాయల సీసా బదులు రెండున్నర వేల సీసా తెచ్చుకుంటే పెరిగే ఖర్చు వారానికి 250. రోజూ తాగేవాడికి ఈ లెక్క సరిపోదు. అతనికి ఏ సీసా చెప్పినా అది అతనికి మేలు చేసే సలహా కాదు.

లేబులు మీద ముందు చూడాల్సింది పేరు కాదు, శాతం. మన దేశంలో ఎక్కువ విస్కీలు 42.8 శాతం. పాత లెక్కలో 75 డిగ్రీల ప్రూఫ్ అంటారు. దిగుమతి స్కాచ్ మామూలుగా 40 శాతం ఉంటుంది. కొన్ని భారతీయ సింగిల్ మాల్టులు 46, 50 శాతం కూడా ఉన్నాయి. 42.8 శాతం సీసాలో ఆల్కహాల్ 321 మిల్లీలీటర్లు, 50 శాతం సీసాలో 375. తక్కినది నీళ్లే. 50 శాతం సీసా పక్కదాని కన్నా కొంత ఖరీదైనా, నీళ్లు మనమే కలుపుకుంటాం కాబట్టి అంత ఖరీదేం కాదు. పెగ్గు మాత్రం చిన్నది పోసుకోవాలి, అది మరిచిపోతే లెక్కా తప్పుతుంది, మనిషీ తప్పుతాడు.

రెండోది, లోపల ఉన్నదేమిటి? మన మామూలు విస్కీలకు ఆధారం ఈఎన్ఏ అనే స్పిరిట్. కొన్నిటికి అది చెరకు మడ్డి నుంచి వస్తుంది, కొన్నిటికి నూకలు, మొక్కజొన్న వంటి ధాన్యం నుంచి. అందులో కొద్ది పాలు భారతీయ మాల్టో, స్కాచ్ మాల్టో కలుపుతారు. యూరప్‌లో చెరకు మడ్డి నుంచి తీసినదాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. మనం ఏళ్ల తరబడి విస్కీ అని తాగినదాంట్లో చాలా భాగం వాళ్ల లెక్కలో రమ్ము బంధువే. లేబులు మీద 'గ్రెయిన్ స్పిరిట్స్' అని ఉందా లేదా చూడండి. రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్ రెండూ 1995లో వచ్చాయి, రెండూ ధాన్యపు స్పిరిట్లో స్కాచ్ మాల్టు కలిపినవి. ఆ మధ్య అరలో నాకు బ్లెండర్స్ ప్రైడ్ నయం అనిపిస్తుంది. ఇంపీరియల్ బ్లూను దాని ఫ్రెంచి యజమాని తిలక్‌నగర్ ఇండస్ట్రీస్‌కు అమ్మేస్తున్నట్టు 2025 జులైలో ప్రకటించారు. మన దక్షిణాదిలో పెద్దవాళ్లకు ప్రాణమైన మాన్షన్ హౌస్ బ్రాందీ ఆ తిలక్‌నగర్‌దే. మా నాన్న తరం విస్కీ ముట్టేవాళ్లు కారు. జలుబు చేస్తే బ్రాందీ, చేయకపోయినా బ్రాందీ.

మూడోది, 'డీలక్స్', 'ప్రీమియం', 'రిజర్వ్' అన్న మాటలు సీసా వయసు గురించి ఏమీ చెప్పవు. అంకె చెబుతుంది. స్కాచ్ లేబులు మీద 12 అని ఉంటే, అందులో కలిసిన అన్నిటికంటే చిన్న విస్కీకి పన్నెండేళ్లు నిండాయని అర్థం. అంకె లేకపోయినా స్కాచ్ అన్న పేరుంటే స్కాట్లాండ్‌లో ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉండి తీరాలి.

నాలుగోది చాలామందికి తెలియనిది, డబ్బు మిగిల్చేది. కొన్ని స్కాచ్‌లు పీపాల్లో మన దేశానికి వచ్చి ఇక్కడే సీసాల్లోకి ఎక్కుతాయి. టీచర్స్ హైలాండ్ క్రీమ్, హండ్రెడ్ పైపర్స్, వ్యాట్ 69, బ్లాక్ అండ్ వైట్ ఇలాంటివి. లోపలిది అసలు స్కాచే, దిగుమతి సీసాలకన్నా ధర మాత్రం తక్కువ. ఇందులో నా ఓటు టీచర్స్‌కు. ఆర్డ్‌మోర్ మాల్టు వల్ల దానికి కాస్త పొగ వాసన ఉంటుంది, నీళ్లు పోసినా రుచి చచ్చిపోదు. పెళ్లి విందుకు పది మంది పెద్దలకు పోయాలంటే ఇంతకన్నా మంచి బేరం నాకు తెలియదు. ఒక జాగ్రత్త. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను 2012 నవంబరు నుంచి స్కాట్లాండ్‌లోనే సీసాలో పోయాలి. 'సింగిల్ మాల్ట్ స్కాచ్, ఇండియాలో బాటిల్ చేసినది' అని ఎవరైనా చవకగా ఇస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక మన పొరుగు సరుకు. బెంగళూరు అమృత్ డిస్టిలరీస్ 1948లో మొదలైంది. వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ను 2004 ఆగస్టులో మొదట విడుదల చేసింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. తిరుపతి వెళ్లి లడ్డు అమ్మినట్టు. ఇక్కడి ఎండకు పీపాలోంచి ఏడాదికి పది శాతానికి పైగా ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో అది రెండు శాతం మాత్రమే. అందుకని ఇక్కడ పీపాలో నాలుగైదేళ్లకే విస్కీ పక్వానికి వస్తుంది. మన సింగిల్ మాల్టుల మీద వయసు అంకె లేకపోవడం లోపం కాదు. అమృత్ ఫ్యూజన్‌కు 50 శాతం బలం ఉంటుంది. అందులో మన బార్లీతో పాటు పొగ పట్టించిన స్కాటిష్ బార్లీ కలుస్తుంది. జిమ్ మరే 2010 విస్కీ బైబిల్‌లో దాన్ని ప్రపంచంలో మూడో ఉత్తమ విస్కీగా పెట్టాడు. నా అరలో ఏడాదికి ఒకటి ఉంటుంది. గోవా నుంచి పాల్ జాన్ వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అందులో నిర్వాణ తేలిక, పొగ ఉండదు. హర్యానా ఇంద్రి 46 శాతం. ఈ మూడింటికీ కస్టమ్స్ సుంకం లేదు. అదే ధరలో దొరికే దిగుమతి బ్లెండెడ్ స్కాచ్ పక్కన పెడితే వీటిలో మాల్టు పాలు పూర్తిగా ఉంటుంది. స్కాచ్ అన్న మాటకు ఇచ్చే డబ్బు మిగులుతుంది. కర్ణాటకలో ఉన్నవాళ్లకు 2024 తగ్గింపు తర్వాత ఇవి మరింత అందుబాటులోకి వచ్చాయి. మా వైపు టాస్మాక్ ఎలైట్ దుకాణాల్లో అన్నీ ఎప్పుడూ దొరకవు. ఉన్నదాంట్లో ఏరుకోవాలి.

ఇక అత్తిబెలె సంగతి. మాకు అది పది, పన్నెండు కిలోమీటర్లు. సీసా మీద 'కర్ణాటకలో అమ్మకానికి మాత్రమే' అని రాసి ఉంటుంది. అది అలంకారం కాదు. మన తమిళనాడులో 1937 నాటి మద్యనిషేధ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రపు మందు తేవడం నేరం. సీసాలతో పాటు బండీ స్వాధీనం చేసుకోవచ్చు. ఆంధ్రాలోనూ అంతే. అక్కడి పోలీసులు 'నాన్ డ్యూటీ పెయిడ్' అని రాసుకుంటారు. యానాం సీసా కాకినాడలో, బళ్లారి సీసా ఆదోనిలో అలాగే కేసవుతుంది. కొన్నేళ్ల కిందట మా బంధువొకాయన కూతురి నిశ్చితార్థానికి ఇలాగే రెండు పెట్టెలు తెస్తూ దొరికాడు. పెట్టెల మీద మిగిలింది మూడు వేల చిల్లర. కారు విడిపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరిగింది ఎనిమిది నెలలు. నిశ్చితార్థం రోజు పెళ్లికూతురి తండ్రి స్టేషన్లో కూర్చున్నాడు. వియ్యంకులు ఏమీ అనలేదు, అదే ఆయనకు ఎక్కువ బాధ.

మన కుటుంబాలు సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నాయి. రాష్ట్రాల గీత మన చుట్టరికాల మధ్యనుంచి పోయింది. పప్పు, బియ్యం, చీరెలు ఆ గీత దాటినట్టే సీసా కూడా దాటుతుందనుకోవడం మన అలవాటు. అది దాటదు. పెళ్లి ఏ రాష్ట్రంలో అయితే ఆ రాష్ట్రంలోనే కొనండి, బిల్లు తీసుకోండి. కల్యాణ మంటపంలో పోయాలంటే ఆ జిల్లా ఎక్సైజ్ వాళ్ల దగ్గర అనుమతి సంగతి ముందే కనుక్కోండి. ఎంత ఇంట్లో ఉంచుకోవచ్చన్న పరిమితి కూడా రాష్ట్రానికో రకం. నాలుగు పెట్టెలు దాచేముందు అదీ అడగండి.

విదేశంలో ఉన్న పిల్లలు పెళ్లికి వస్తుంటే, విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు. కస్టమ్స్, రాష్ట్ర పన్ను రెండూ పడని సీసా మనకు దొరికేది ఆ ఒక్క చోటే. కాబట్టి మంచి సింగిల్ మాల్ట్ అక్కడ తెప్పించుకోండి, ఇక్కడ దొరికే మామూలు సీసా అక్కడ కొని ఆ రెండు లీటర్లూ వృథా చేయకండి. బెంగళూరులో దిగి హోసూరుకో కుప్పానికో కారులో వచ్చేటప్పుడు దుకాణం వేసి ఇచ్చిన కవరు చింపకుండా, బిల్లు, బోర్డింగ్ పాసు సీసాతోనే ఉంచమనండి.

మా సభ్యుడు ఇదంతా విని కాసేపు వేళ్లు మడిచాడు. అబ్బాయి, కోడలు పిల్ల, అమెరికాలో ఉన్న బావమరిది, అతని భార్య. నలుగురికి ఎనిమిది లీటర్లు. మిగతాది ఇక్కడే టీచర్స్. అత్తిబెలె ప్రయాణం మానుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ద్వారం దగ్గర ఆగి, "ఇంతకీ అన్నా, ఆ ఫ్యూజన్ ఒకసారి రుచి చూపిస్తావా?" అన్నాడు. శనివారం రమ్మన్నాను.